తాడు మీద బరువు

ఎర్ర గీత కవిప్రియ గీసిన బొమ్మ మీదుగానే పోయింది. ఏటవాలుగా పెట్టిన చెక్క, దాని మీద నాలుగు కిలోల దిమ్మ, చెక్క పైకొనలో గిలక, గిలక మీదుగా దారం, దారం అవతలి కొనకు వేలాడే రెండు కిలోల దిమ్మ. అన్నీ స్కేలు పెట్టి గీసింది. కింద నాలుగు వరుసల లెక్క, చివర దిమ్మలు కదలవని ఒక్క ముక్క. ఆ ముక్క పక్కన సున్నా. ఐదు మార్కుల లెక్కకు సున్నా.

లెక్క మళ్ళీ చూసుకుంది. ముప్పై డిగ్రీల వాలు మీద పెట్టిన వస్తువు తన బరువులో సగంతోనే కిందికి లాగుతుంది. నాలుగులో సగం రెండు. అవతల వేలాడేదీ రెండే. రెండు వైపులా సమానం. పైగా చెక్క గరుకుది, రాపిడి పట్టుకుని ఉంటుంది. ఇక ఎటు కదులుతుంది? ఎక్కడా తప్పు కనిపించలేదు. కనిపించి ఉంటే ఏడ్చి ఊరుకునేది. కనిపించలేదు కనుక ఒళ్ళు మండింది.

ఆ సోమవారం పదకొండో తరగతికి ఇచ్చిన పేపరు మామూలు పరీక్షది కాదు. ప్లస్‌వన్‌లో ఫిజిక్సు మొదటి మార్కు ఎవరిదైతే వాళ్ళను సేలంలో ఒక ట్రస్టు వాళ్ళు తమ హాస్టల్లో పెట్టుకుని చదివిస్తారు, కోచింగూ ఇస్తారు. బడికి ఒక్క సీటు. పేరు శుక్రవారం పంపాలి. మొదటి మార్కు మోహనప్రియది. ఆమె తర్వాతి మార్కు కవిది, మూడు మార్కులు వెనక. ఈ లెక్కకు మోహనకు ఐదుకు ఐదు పడ్డాయి.

స్టాఫ్ రూములో రవిచంద్రన్ మాస్టారు టిఫిన్ డబ్బా కడుక్కుని వచ్చి, తడి చేతులతోనే గైడు తీసి, వేలు పెట్టి చూపించారు. జవాబు ఒకటి పాయింటు ఒకటి ఐదు. దిమ్మ వాలు మీద కిందికి జారుతుంది. అచ్చులో ఉంది. కవి తన లెక్క చెప్పబోయింది. ఆయన వినలేదు. వేగం ఎంత చొప్పున పెరుగుతుందో కనుక్కోమని ప్రశ్న అడిగారంటే కదులుతుందనే కదా అర్థం, కదలనిదాన్ని ఎవడైనా అడుగుతాడా అని తమిళంలో అడిగి నవ్వారు. పక్క టేబులు దగ్గర కెమిస్ట్రీ టీచరు కూడా నవ్వింది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. ఆ గదిలో మాత్రం అడగడానికి వచ్చినదే లోకువైంది. పల్లె పిల్లలకు ఇంగ్లీషులో ప్రశ్న అర్థం కావడమే కష్టమని, వచ్చిన మార్కులకు సంతోషపడమని చెప్పి ఆయన గైడు మూసేశారు.

సోగత్తూరు పోయే టౌను బస్సులో మోహన తన పక్కన సీటు పట్టి ఉంచింది. ఇద్దరిదీ ఒకే ఊరు, ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే. కానీ వాళ్ళు ఒకరితో ఒకరు తెలుగు మాట్లాడరు. మోహన వెంకటరామప్ప కూతురు. కవి తల్లి పొన్ని వెంకటరామప్ప చేలో చామంతులు కోస్తుంది. తెలుగులో అయితే మోహనను కవి 'పాపమ్మా, మీరు' అనాలి, మోహన కవిని 'ఏమే' అనాలి. ఊళ్ళో అదే మర్యాద. తమిళంలో అయితే ఇద్దరూ 'నువ్వు'తో సరిపెట్టుకోవచ్చు, డబ్బాలో అన్నం పంచుకోవచ్చు. అందుకే బడి గేటు నుంచి సోగత్తూరు స్టాపు దాకా తమిళం. బస్సు దిగాక ఇద్దరూ మూగవాళ్ళే.

ఆ లెక్క ఎట్లా చేశావని కవి అడిగింది. మోహన దాచలేదు. సూత్రంలో అంకెలు వేస్తే మైనస్ వచ్చిందట, ఒకటి పాయింటు ఒకటి ఐదే. గైడులో మైనస్ లేదని గుర్తు. అందుకని మైనస్ చెరిపేసి, కిందికి జారుతుందని రాసింది. మరి ఆ మాట సారుకు చెప్పు అంది కవి. మోహన కిటికీ వైపు తిరిగింది. సీటు తనదేనని నాన్న ఊరంతా చెప్పుకున్నాడని, ఇప్పుడెట్లా అని గొణిగింది.

వెంకటరామప్ప తలచుకుంటే కూతురిని ఏ ఊళ్ళో కావాలంటే ఆ ఊళ్ళో, ఏ కోచింగులో కావాలంటే అందులో చేర్పించగలడు. కవికి ఈ సీటు తప్పితే ఇంకో దారి లేదు. తండ్రి మాదయ్య బెంగళూరులో సెంట్రింగు పనికి పోయాడు. ప్లస్‌టూ అయ్యాక కూతురిని తిరుప్పూరు బనియన్ల కంపెనీకి పంపుదామని పండక్కి వచ్చినప్పుడే అనేశాడు. ఇదంతా మోహనకూ తెలుసు. తెలిసీ కిటికీలోంచి చూస్తోంది.

మంగళవారం సాయంత్రం కవి పరీక్ష అట్టను ఇటుకల మీద ఏటవాలుగా ఆనించింది. ముప్పై డిగ్రీలకు కొలత సులువు, పైకొన ఎత్తు అట్ట పొడవులో సగం ఉంటే చాలు. అట్ట పైన మేకు కొట్టి ఖాళీ దారపుకండె తగిలించింది. అదే గిలక. జామెట్రీ బాక్సులో రాగులు పోసి వాలు మీద పెట్టింది. దారానికి అవతల చిన్న గుడ్డసంచి వేలాడదీసింది. కిరాణా కొట్లో బతిమాలి తూకం వేయించుకుని వచ్చింది, బాక్సు బరువులో సంచి సరిగ్గా సగం. చేయి తీసింది. నిలబడింది.

నిలబడితే చాలదని ఆమెకు తెలుసు. కండె బిగిసి ఉన్నా నిలబడుతుంది. సంచిలో ఒక గుప్పెడు రాగులు పోసింది. సంచి దిగింది, బాక్సు పైకి పాకింది. ఆ గుప్పెడు తీసేసి, బాక్సులో రెండు గుప్పెళ్ళు పోసింది. బాక్సు జారింది, సంచి పైకి లేచింది. గిలక రెండు వైపులకూ తిరుగుతోంది. అయినా సమానంగా ఉన్నప్పుడు ఎటూ పోవడం లేదు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న అవ్వ నంజమ్మ మెడ సాచి చూసింది.

"ఇది కపిల గదే," అంది.

వెంకటరామప్ప బావి దగ్గర కపిల తోలిన మట్టి వాలు ఇంకా ఉంది. మోటార్లు రాకముందు ఎద్దులు ఆ వాలు మీద కిందికి దిగుతుంటే తోలుబాన నీళ్ళతో పైకి వచ్చేదట. బాన బరువుకు ఎద్దులు సగం వాలులో మొరాయించి నిలబడిపోయేవట. అప్పుడు కవి తాత ఎగిరి తాడు మీద కూర్చునేవాడు. ఆయన బరువు కూడా తోడైతే గాని బాన పైకి వచ్చేది కాదు.

"మీ తాత నడుము ఆ తాడు మీదనే పోయింది. నీళ్ళు మాత్రం వాళ్ళ చేనుకు," అంది నంజమ్మ. మళ్ళీ గింజలు తీయడంలో పడింది.

బుధవారం ఫిజిక్సు పీరియడులో కవి అట్ట, ఇటుకలు, బాక్సు, సంచి మాస్టారి టేబులు మీద పేర్చి, చూడమని అడిగింది. రవిచంద్రన్ మాస్టారు నడుము మీద చేతులు పెట్టుకుని చూశారు. నీ కండె బిగుసుకుంది, అందుకే నిలబడింది అన్నారు. కాదు సార్, రాగులు పోసి చూపిస్తాను అని ఆమె గుప్పెట నింపుకుంటుండగానే ఆయన చూపుడువేలితో బాక్సును ఒక్క తోపు తోశారు. బాక్సు సర్రున జారి కింద పడింది. మూత ఊడి రాగులు గదంతా చిందాయి. చూశారా, కదిలింది అన్నారు ఆయన. క్లాసు ఘొల్లున నవ్వింది.

కవి గుప్పెట అట్లాగే బిగిసి ఉంది.

"మీరు తోస్తే కదిలింది సార్," అంది తమిళంలో, వెనక బెంచీకి కూడా వినబడేటట్టు. "తోయకుండా కదలమనండి."

నవ్వు ఆగిపోయింది. మాస్టారి మెడ దగ్గర నరం లేచింది. రేపు అమ్మనో నాన్ననో తీసుకురాకుంటే క్లాసులో అడుగు పెట్టనివ్వనని, నోటిదురుసు పిల్లలను ట్రస్టు వాళ్ళు గేటు దగ్గరకైనా రానివ్వరని అన్నారు. పీరియడు అయ్యేదాకా కవి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని రాగులు ఏరింది. మోహన బెంచీ కిందికి కొన్ని దొర్లాయి. మోహన కాళ్ళు పక్కకు తీసుకుంది. కవి తలెత్తి ఆమె ముఖం చూడలేదు. చూస్తే చెంప మీద కొట్టేస్తానేమోనని భయం వేసింది.

ఇంటికి వచ్చి సంగతి చెబితే పొన్ని మాట్లాడకుండా చేతులు కడుక్కుని, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, వెంకటరామప్ప ఇంటికి బయలుదేరింది. ఎందుకు పోతున్నావని కవి అడ్డం నిలబడింది. రేపు బడికి తోడు రమ్మని అడగడానికి అంది పొన్ని.

"ఆ సీటు ఆయన కూతురికే గదమ్మా పొయ్యేది! ఆయన్నే తోడు పిలుస్తావా?"

"ఆయన గాక మన కోసం మాట్లాడేదానికి ఎవురుండారే? రేషన్ కార్డుకు ఆయనే వచ్చినాడు. మీ నాయన్ని పోలీసు టేసన్లో కూచోబెట్టుకున్నప్పుడూ ఆయనే వచ్చినాడు. మనం పోయి నిలబడుకుంటే ఆ సారు మనల్ని మనుషులని చూస్తాడా?"

ఆ ఊళ్ళో పద్ధతి అది. ఆఫీసైనా, ఆస్పత్రి అయినా, బడి అయినా, పని చేయించుకునే ఆసామి ముందు నడవాలి. పనివాళ్ళు వెనక నిలబడి చేతులు కట్టుకోవాలి. మాట ఆయనది, దండం వీళ్ళది. కంచె చేను మేస్తుందని తెలిసినా కంచె దగ్గరికే పోవాలి, వేరే కంచె లేదు కనుక. తల్లి మీద వచ్చినంత కోపం కవికి ఆ మాస్టారి మీద కూడా రాలేదు. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు.

వెంకటరామప్ప చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. గురువారం చేను పని వదులుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కూతురు పక్కన కూర్చుంటే కారు నడుపుకుంటూ వచ్చాడు. పొన్ని, కవి బస్సులో వచ్చారు. స్టాఫ్ రూములో ఆయనకూ, పక్కన మోహనకూ కుర్చీలు వేశారు. పొన్ని బీరువా పక్కన నిలబడింది. చేతి వేళ్ళకు చామంతి పసరు నల్లగా పట్టి ఉంది, ఎంత తోమినా పోయేది కాదు.

ఆయన తమిళంలో తియ్యగా మాట్లాడాడు. మా పనివాళ్ళ పిల్ల, చిన్నది, తెలియక నోరు జారింది, మీరు పెద్ద మనసు చేసుకోవాలి అన్నాడు. పొన్నీ, దండం పెట్టవే అన్నాడు. పొన్ని రెండు చేతులూ ముఖం దాకా ఎత్తి దండం పెట్టింది. ఆ నల్లబడ్డ వేళ్ళు అట్లా దగ్గరికి చేరడం కవి చూసింది. తప్పయిందని చెప్పమ్మా అని ఆయన కవి వైపు తిరిగాడు. కవి పెదవులు విప్పలేదు.

ఆ మౌనానికి వెంకటరామప్ప నవ్వాడు. లెక్క అర్థమైతే పిల్లే దారికొస్తుంది సార్, మా పాప చేత వేయించండి, చూసి నేర్చుకుంటుంది అన్నాడు. మాస్టారు గోడ మీది చిన్న బోర్డు చూపించారు. మోహన లేచి చాక్‌పీసు తీసుకుంది.

ముందు బొమ్మ గీసింది. దిమ్మ పైకి పోతుందనుకుంటే అని పక్కన రాసి, రాపిడి బాణం కిందికి వేసి, అంకెలు వేసింది. మైనస్ ఒకటి పాయింటు ఒకటి ఐదు. అదీ జవాబు, మైనస్ అంటే కిందికి జారుతుందని అర్థం అన్నారు మాస్టారు. మోహన చాక్‌పీసు కింద పెట్టలేదు. దిమ్మ కిందికి పోతుందనుకుంటే అని పక్కన ఇంకో వరుస మొదలుపెట్టింది. కిందికి జారేదాన్ని రాపిడి పైకి పట్టుకుంటుంది గనుక ఈసారి బాణం పైకి వేసింది. మళ్ళీ అంకెలు. మళ్ళీ మైనస్ ఒకటి పాయింటు ఒకటి ఐదు.

బోర్డు మీద రెండు మైనస్‌లు పక్కపక్కన ఉన్నాయి. పైకి పోదు, కిందికీ పోదు. మాస్టారు రుమాలు తీసి మెడ తుడుచుకున్నారు. ఆయనకు అర్థమైందని అందరికీ తెలిసిపోయింది, ఒక్క వెంకటరామప్పకు తప్ప. ఏందిది అని ఆయన కూతుర్ని అడిగాడు.

ఆ బడిలో మోహన నోట తెలుగు కవి వినడం అదే మొదటిసారి.

"అది కదలదు నాయనా. కవి రాసిందే సరి. నేను గైడు చూసి రాసినాను. నా మార్కు తప్పు మార్కు."

మాస్టారికి తెలుగు రాదు. ఏమంటోందని తమిళంలో అడిగారు. వెంకటరామప్ప బోర్డు చూశాడు, కూతుర్ని చూశాడు. తర్వాత చిరునవ్వుతో తమిళంలోకి దిగాడు. ప్రశ్నలోనే ఏదో తికమక ఉందంటోంది సార్, ఎవరి తప్పూ లేదు, ఆ లెక్క ఇద్దరికీ కొట్టేయండి, గొడవ వదిలిపోతుంది అన్నాడు. పాము చావలేదు, కర్ర విరగలేదు. మాస్టారు ఊపిరి వదిలి, అట్లాగే చేద్దాం అని పెన్ను తీశారు.

బీరువా పక్కన పొన్ని తలెత్తి చూసింది. ఆమెకు రెండు భాషలూ వచ్చు. పాపమ్మ చెప్పింది ఒకటి, ఆయన చెప్పింది ఇంకొకటి. ఇన్నేళ్ళు తన కోసం ఆయన మాట్లాడిన మాటలన్నీ ఎవరికి ఎట్లా చేరాయో అని ఆమె ముఖంలో ఒక అనుమానం కదిలింది.

కవి మనసులో తీసివేత అయిపోయింది. లెక్క కొట్టేస్తే మోహనకు ఐదు పోతాయి, తను రెండు మార్కులు పైకి వస్తుంది. సీటు తనదే. నోరు మూసుకుంటే చాలు. తల్లి వెనక నుంచి ఆమె జడ పట్టుకుని మెల్లగా లాగింది, ఊరుకోమని.

"కొట్టేయొద్దు సార్," అంది కవి తమిళంలో. "ప్రశ్నలో తప్పేమీ లేదు. దానికి జవాబు ఉంది. కదలదు. మోహన అన్నది అదే. తన మార్కు తప్పని కూడా అన్నది. మార్కు వేయండి."

వెంకటరామప్ప ముఖంలో నవ్వు అట్లాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారాయి. మాస్టారు ఇంకోసారి బోర్డు వైపు చూశారు. ఆఖరికి కవి పేపరు లాక్కుని, సున్నా కొట్టేసి, ఐదు వేశారు. మోహన పేపరులో ఐదు కొట్టేశారు. ఎవరి ముఖమూ చూడలేదు. లెక్క సంగతి వేరు, నోటిదురుసు సంగతి వేరు, క్షమాపణ చెప్పాల్సిందే అన్నారు. కవి గోడలా నిలబడింది. పొన్నే ముందుకొచ్చి మళ్ళీ దండం పెట్టింది. సరే సరే పో, అని ఆయన చేయి విదిలించారు.

బయట కారు తలుపు తీస్తూ వెంకటరామప్ప వెనక్కి తిరిగాడు. గొంతు పెంచలేదు.

"రేపటి నుంచి పూలకు రావద్దులే పొన్నీ. వేరేవాళ్ళుండారు."

లోపల కూర్చున్న మోహన ఏదో అనబోయింది. అద్దం పైకి లేచింది, కారు పోయింది.

బడి ఎదుటి స్టాపులో పొన్ని సిమెంటు దిమ్మ మీద కూలబడింది. తిడుతుందని కవి ఎదురుచూసింది. తిట్టినా పడాలనే అనుకుంది. పొన్ని తిట్టలేదు. ఆ రెండు గీతల కథ ఏందో నాకూ చెప్పు అంది. కవి తల్లి పక్కన కూర్చుని చెప్పింది. మన కపిల మాదిరేనమ్మా అని మొదలుపెట్టి, వాలు మీద ఎద్దులు, అవతల బాన, రెండు పక్కలా లాగుడు సమానం అని చేతులతో చూపించింది.

"అంటే తాడు మీద ఎవురూ ఎక్కి కూచోకుంటే అది అట్లనే నిలబడుకుంటాది. అంతే గదా?"

"అంతేనమ్మా."

"ఇంకేమీ లేదా?"

"లేదు."

పొన్ని తన చేతులు తిప్పి చూసుకుంది, ముందు అరచేతులు, తర్వాత వేళ్ళు. సోగత్తూరు బస్సు వచ్చి ఆగింది. కండక్టరు ఎక్కమని తలుపు మీద చరిచాడు. ఆమె కదలకపోయేసరికి తిట్టుకుంటూ విజిలు వేశాడు.

"ఇంత చిన్న మాటకా నా చేత దండం పెట్టించినారు? ఒక సారి గాదు, రెండు సార్లు. తప్పు వాడిదని తెలిసినాక కూడా పెట్టించుకున్నాడే!" ఆ గొంతు కవి ఇంతకుముందు ఎప్పుడూ వినలేదు.

పొన్ని లేచి కొంగు నడుము చుట్టూ బిగించింది, తెల్లవారుజామున చేలో దిగేముందు బిగించినట్టే.

"పద."

"యాడికమ్మా?"

"ఆ సారు దగ్గరికి. నా దండం నాకు తిరిగి ఇయ్యమంటాను."

ఈసారి తోడు రమ్మని ఆమె ఎవరినీ అడగలేదు. అటూ ఇటూ చూసి, కూతురి చేయి పట్టుకుని, లారీ పోయాక రోడ్డు దాటి గేటులోకి నడిచింది.